పాదసూచిక – పరిశోధకుని అమానత్

అనంతపురం జిల్లాను గురించి వెలువడిన పుస్తకాలలో, వ్యాసాలలో, పరిశోధన పత్రాలలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. భారతదేశంలో జైసల్మేరు తర్వాత అత్యల్ప వర్షపాతం గల జిల్లా అనంతపురమేనన్నది ఆ వాక్యం. వ్యవసాయాన్ని గురించి రాసినవారు దానితోనే ఆరంభిస్తారు. వలసలను గురించి రాసినవారికీ అదే తొలి వాక్యం. ఉపన్యాస వేదికల మీద దాన్ని సందేహించేవారే కనిపించరు. ఇంతమంది ఇన్నేళ్ళుగా చెబుతున్న మాట నిజం కాకపోతుందా అని పాఠకుడు అనుకోవడం సహజం.

అయితే ఆ మాట నిజం కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లో జైసల్మేరు ఒక్కటే కాదు. బీకానేరు, బాడ్మేరు జిల్లాలలో కూడా సగటు 300 మిల్లీమీటర్లకు లోపే. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో సైతం అనంతపురం కంటే తక్కువ వాన కురుస్తుంది. లడాఖ్‌లోని లేహ్ ప్రాంతానికి ఏడాది మొత్తం మీద దక్కేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దక్షిణ భారతదేశంలో మిక్కిలి తక్కువ వాన పడే జిల్లాలలో అనంతపురం ఒకటి అంటే అది సత్యమవుతుంది. దేశం మొత్తంలో రెండవది అంటే సత్యం కాదు. వాతావరణ శాఖ అంకెలు ఒక్కసారి తిరగేస్తే తేలిపోయే సంగతి ఇది. తిరగేయవలసిన అవసరం ఎవరికీ కలగకపోవడమే విచారకరం.

ఈ వాక్యం కింద పాదసూచిక చాలాచోట్ల ఉండదు. ఉన్నచోట అది అంతకు ముందు వచ్చిన మరొక వ్యాసాన్ని చూపుతుంది. ఆ వ్యాసం తీసి చూస్తే ఇంకొక నివేదిక పేరు కనిపిస్తుంది. ఆ నివేదికలో వాక్యం ఉంటుంది, ఆధారం ఉండదు. ఇందులో ఏ ఒక్క రచయితనో తప్పుపట్టి ప్రయోజనం లేదు. పరిశోధనలో ఆధారం చూపడమంటే ఏమిటో, ఎందుకో మరచిపోయిన స్థితికి ఇది ఒక చిహ్నం మాత్రమే.

నోళ్ళలో నానిన మాట

ఇటువంటి వాక్యాలు ముస్లిం విద్వాంసులకు కొత్త కావు. ప్రజల నోళ్ళలో ప్రసిద్ధి చెందిన మాటలను ఏరి, వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడం హదీసు శాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. హిజ్రీ 902 (క్రీ.శ. 1497)లో మరణించిన ఇమామ్ సఖావీ (రహ్మ) రచించిన ‘అల్ మఖాసిదుల్ హసనా’ ఈ కోవకు చెందినదే. చైనాకు వెళ్ళి అయినా విద్య నేర్వాలన్న మాట ఇందుకు చక్కని ఉదాహరణ. తెలుగునాట సభలలోనూ, బడి గోడల మీదా, కరపత్రాలలోనూ అది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రవచనంగా చలామణి అవుతున్నది. దాని పాఠం ప్రసిద్ధమే గాని పరంపర బలహీనమని ఇమామ్ బైహఖీ (రహ్మ) తన గ్రంథంలోనే తెలిపారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దాన్ని కల్పిత ఉల్లేఖనాల జాబితాలో చేర్చారు. విద్య నేర్వాలన్న భావం ఉత్తమమైనదే. కాని భావం మంచిదైనంత మాత్రాన ఆ మాటను దైవప్రవక్తకు అంటగట్టే హక్కు ఎవరికీ రాదు.

ఒక వార్త ఎంతమంది నోట వినిపించినదన్నది హదీసువేత్తలకు తుది ప్రశ్న కాదు. ఆ వార్త ఎన్ని స్వతంత్ర మార్గాల గుండా వచ్చినదన్నది వారి ప్రశ్న. ప్రతి తరంలోనూ, అబద్ధం మీద కూడబలుక్కోవడం అసంభవమైనంత మంది చెప్పిన వార్తను వారు ‘ముతవాతిర్’ అన్నారు. నూరుమంది చెప్పినప్పటికీ వారందరి పరంపరలూ వెనక్కు వెళ్ళి ఒకే వ్యక్తి వద్ద కలిస్తే, ఆ స్థానంలో సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడు ఎవరో, అతనికి ఎవరు చెప్పారో తేలేవరకు వెనుకనున్న నూరు నోళ్ళకూ విలువ లేదు. అనంతపురం వర్షపాతపు వాక్యానికి ఈ గీటురాయి పెట్టి చూడండి. దాన్ని మోస్తున్న పుస్తకాలు ఎన్నో. వాన కొలిచిన సాక్షి మాత్రం వాటిలో కనబడడు.

వార్త తెచ్చినవాని స్థితిని విచారించి గాని దాన్ని నమ్మరాదని సూరయె హుజురాత్‌లోని ఆరవ ఆయతు బోధిస్తున్నది. పరంపరను చూపడం ధర్మంలో భాగమేననీ, అది లేనట్లయితే ఎవరికి తోచినది వారు చెప్పేవారనీ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) అభిప్రాయపడినట్లు సహీహ్ ముస్లిం ఉపోద్ఘాతంలో ఉన్నది. అందువల్ల పాదసూచికను పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు నేర్పిన కొత్త అలవాటుగా మదరసా విద్యార్థి భావించనక్కరలేదు. దాని రూపం కొత్తది కావచ్చు. దాని వెనుకనున్న బాధ్యత మాత్రం అతడు మొదటి సంవత్సరం నుండి నేర్చుకుంటున్నదే.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. మదరసా పాఠ్యగ్రంథాల అంచుల నిండా ఉండే ‘హాషియా’ వేరు, ఆధారం తెలిపే పాదసూచిక వేరు. హాషియా మూలాన్ని వివరిస్తుంది. కఠిన పదాన్ని విప్పుతుంది. ఒక్కోసారి మూలకర్తతో వాదిస్తుంది. ఆధార సూచిక చేసే పని ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా కఠినమైనది. ఈ మాట నాకు ఎక్కడ దొరికినదో ఇదుగో, వెళ్ళి చూసుకోమని పాఠకునికి చెప్పి పక్కకు తప్పుకుంటుంది. దానికి స్వభావరీత్యా దగ్గరి చుట్టం హాషియా కాదు, సనదు.

చూడని గ్రంథాన్ని చూసినట్టు

ఆధారం చూపకపోవడం ఒక లోపం. తాను చూడని ఆధారాన్ని చూసినట్టు చూపడం అంతకన్నా పెద్ద లోపం. దీనికి హదీసు శాస్త్రంలో ‘తద్లీస్’ అని పేరు. ఒక ఉల్లేఖకుడు తన సమకాలీనుడైన పెద్ద గురువు మాటను మరొకరి ద్వారా వింటాడు. చెప్పేటప్పుడు ఆ మధ్యవాని పేరు మింగేసి, గురువు నుండే విన్నాడేమో అనిపించేలా మాట పేరుస్తాడు. అతడు పలికిన ప్రతి పదమూ నిజమే కావచ్చు. అయినా వినేవాడు మోసపోతాడు. ఇమామ్ షూబా (రహ్మ) వంటివారు దీన్ని అబద్ధానికి తోబుట్టువుగా లెక్కించారు. ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) తన ‘అల్ కిఫాయా’లో ఈ విషయం విపులంగా చర్చించారు. ఆ గ్రంథాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది కూడా.

నేటి పరిశోధనలో తద్లీస్ ఎలా ప్రవేశిస్తుందో చూడాలంటే అనంతపురం పీఠభూమి మీదనే మరొక ఉదాహరణ ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన పెనుకొండ, 1565 యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులకు రాజధాని అయింది. ఆ యుద్ధాన్నీ, ఆ తర్వాతి విధ్వంసాన్నీ, పెనుకొండకు జరిగిన పలాయనాన్నీ గురించి తెలుగులో వచ్చిన వర్ణనలు చాలావరకు ఒక ఆంగ్ల గ్రంథం నీడలో పెరిగినవే. అది మద్రాసు ప్రభుత్వోద్యోగి రాబర్ట్ సీవెల్ 1900లో ప్రచురించిన ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’. ధనరాసులు మోస్తూ 550 ఏనుగులు విజయనగరం విడిచి వెళ్ళిన దృశ్యం అందులోనిదే. నగరం నెలల తరబడి నిప్పుకూ గడ్డపారకూ బలి అయిన వర్ణన కూడా ఆయన కలం నుండి వచ్చినదే.

సీవెల్ 1565 నాటి సాక్షి కాడు. ఆయన ఫరిష్తా చరిత్రను వాడుకున్నాడు. పోర్చుగీసు రచయితలను వాడుకున్నాడు. 1567లో ఆ నగరాన్ని చూసిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాతలను వాడుకున్నాడు. ఫరిష్తాను ఆయన ఎక్కువగా చదివినది ఆంగ్లంలో. స్కాట్ 1794లో చేసిన అనువాదం ఒకటి, బ్రిగ్స్ 1829లో చేసిన అనువాదం మరొకటి. ఈ రెండూ అన్నిచోట్లా ఒకే మాట చెప్పవు. ఇక ఫరిష్తా మాత్రం సాక్షియా? కాదు. ఆయన బీజాపూరు చేరినది 1589లో. తన చరిత్రను రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా కొలువులో, యుద్ధం జరిగిన సుమారు నలభై ఏళ్ళకు సమకూర్చాడు. తాను ఏయే గ్రంథాలను ఆధారం చేసుకున్నాడో తన పీఠికలో పేర్కొన్నాడు గనుక ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు. అయితే ఆయన కొలువు గెలిచిన పక్షానిది. గెలిచిన పక్షపు చరిత్రకారుడు విజయాన్ని ఎలా వర్ణిస్తాడో చదువరులకు తెలియనిది కాదు.

ఇప్పుడు తెలుగులో ఒక పరిశోధకుడు ఈ విధ్వంస వర్ణనను సీవెల్ నుండి తీసుకొని, కింద ‘ఫరిష్తా’ అని మాత్రం రాశాడనుకుందాం. ఏం జరిగింది? పారశీ మూలానికీ తెలుగు పుటకూ మధ్య ఒక అనువాదకుడు, ఒక బ్రిటిషు అధికారి ఉన్నారు. వారిద్దరూ మాయమయ్యారు. సీవెల్ తన ఊహతో నింపిన రంగులు ఫరిష్తా సాక్ష్యంగా మారాయి. ముస్లిం చరిత్రకారుడే ఒప్పుకున్నాడనే ముద్రతో అవి జనంలోకి వెళ్ళాయి. వ్యతిరేక దిశలో కూడా ఇదే జరుగుతుంది. నగరం పూర్తిగా నాశనం కాలేదనీ, ఇళ్ళు నిలిచే ఉన్నాయి గాని మనుషులు లేరనీ ఫ్రెడరిక్ రాసినదాన్ని ఎక్కడో చదివి, ఆ పుస్తకం పేరు చెప్పకుండా, ఫ్రెడరిక్‌నే చదివినట్టు రాసి, అసలు దోపిడీయే జరగలేదని వాదించేవారు ఉన్నారు. దోపిడీ జరిగింది. ఆ వర్తకుడు సైతం సుల్తానులు నెలల తరబడి నగరంలో ఉండి ధనం వెదికించిన సంగతి చెప్పాడు. ఒక సముదాయపు గతం మీద తీర్పు చెప్పే మాటకు మధ్యవారి పేర్లు దాచడం ఎంత ప్రమాదమో ఇందువల్ల తేటపడుతున్నది. అబద్ధం ఆడకుండానే అన్యాయం చేయవచ్చు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. “ఫరిష్తా, బ్రిగ్స్ ఆంగ్లానువాదం, సీవెల్ గ్రంథంలో ఉదాహృతం” అని సంపుటం, పుట సంఖ్యలతో రాస్తే చాలు. ఇలా రాయడానికి పరిశోధకులు జంకుతారు. పారశీ చదవలేదన్న సంగతి బయటపడుతుందని వారి భయం. కాని చదవనిదాన్ని చదవలేదనడం అవమానం కాదు. మధ్యవాని పేరు చెప్పి ఉల్లేఖించినవానిని హదీసువేత్తలు తక్కువ చేయలేదు. దాచినవానినే నిలదీశారు.

ధార్మిక గ్రంథాల సంగతి

ఈ విమర్శ విశ్వవిద్యాలయాల వైపే వేలు చూపితే న్యాయం కాదు. ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చే ధార్మిక గ్రంథాలలో తద్లీస్ పాళ్ళు తక్కువేమీ కాదు. ఉర్దూ రచయిత తన పుటలో ‘బుఖారీ’, ‘తిర్మిజీ’, ‘మిష్కాత్’ అని కుండలీకరణాలలో వేస్తాడు. తెలుగు అనువాదకుడు వాటిని యథాతథంగా దింపుకుంటాడు. ఆ ఉల్లేఖనం నిజంగా అక్కడ ఉన్నదో లేదో చూడడు. చూడాలన్నా ఒక్క పేరుతో వెదకడం సాధ్యం కాదు. సహీహ్ బుఖారీలో మాటిమాటికీ వచ్చిన ఉల్లేఖనాలతో కలిపి ఏడువేలకు పైగా హదీసులు ఉన్నాయి. ‘బుఖారీ’ అని మాత్రం రాయడమంటే, పోగొట్టుకున్న ఉంగరం అనంతపురం జిల్లాలో ఎక్కడో ఉన్నదని చెప్పడం వంటిది.

సంఖ్య ఇచ్చినంత మాత్రాన కూడా పని తీరదు. ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ వేసిన సంఖ్యలు ఒక తీరు, ఇతర ముద్రణల సంఖ్యలు మరొక తీరు. కాబట్టి కితాబు పేరు, బాబు పేరు, ఆపైన ఏ ముద్రణలోని సంఖ్య అన్నది – మూడూ ఉండాలి. తిర్మిజీ వంటి ఇమాములు ఉల్లేఖనం వెంటనే దాని స్థాయిని కూడా తెలిపారు. అనువాదంలో ఆ ఒక్క వాక్యం వదిలేస్తే బలహీనమైనదీ బలమైనదీ ఒకే వరుసలో నిలబడిపోతాయి. అనువాదకుడు మూలాన్ని స్వయంగా చూడలేకపోతే, ఈ సూచికలు ఉర్దూ రచయిత ఇచ్చినవే, సరిచూడబడలేదని ముందుమాటలో ఒక్క వాక్యం రాయవచ్చు. ఆ ఒక్క వాక్యం అతన్ని ముదల్లిస్ కాకుండా కాపాడుతుంది.

పదమూడు వందల ఏళ్ళ తర్వాత నిలిచిన సాక్ష్యం

ఇంత శ్రమ దేనికని అడిగేవారికి హైదరాబాదు విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) చేసిన పని సమాధానం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బోధించి, తర్వాత పారిస్‌లో స్థిరపడిన ఆయన, హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, డమాస్కస్‌లలోని రాతప్రతుల ఆధారంగా 1953లో ప్రచురించారు. హమ్మామ్ హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) శిష్యుడు. గురువు నుండి విన్న ఉల్లేఖనాలను ఆయన హిజ్రీ మొదటి శతాబ్దంలోనే సంకలనం చేశారు. వాటి సంఖ్య 138.

ఇమామ్ అహ్మద్, ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం (రహ్మ) తమ గ్రంథాలలో ఎన్నోచోట్ల ఒక పరంపర చూపారు: అబ్దుర్రజ్జాఖ్, ఆయనకు మఅమర్, ఆయనకు హమ్మామ్, ఆయనకు అబూ హురైరా. హమ్మామ్‌కూ ఈ ఇమాములకూ మధ్య తరాలు గడిచాయి. ఆ పేర్లు కేవలం అలంకారంగా చేర్చినవని అనుమానించిన పాశ్చాత్య పండితులు లేకపోలేదు. అటువంటి స్థితిలో హమ్మామ్ సహీఫాయే వెలుగు చూసింది. పోల్చి చూస్తే, ఆ పరంపరతో ముస్నద్ అహ్మద్‌లో ఉన్న పాఠమూ సహీఫాలోని పాఠమూ సరిపోయాయి. పేర్కొన్న ఆధారం నిజంగా ఉన్నది. పేర్కొన్న తీరులోనే ఉన్నది. పాదసూచికకు ఇంతకు మించిన పరీక్ష ఉండదు. ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒకడు వెళ్ళి చూస్తాడు, ఆనాడు అది అక్కడ ఉండాలి. సూచిక రాసేవాడు చేసే వాగ్దానం ఇదే. దానికే అమానత్ అని పేరు.

గ్రంథం లేనిచోట

గ్రంథమే లేని విషయాలకు సూచిక ఎలా అన్న ప్రశ్న మిగులుతుంది. అనంతపురం పల్లెల చరిత్ర చాలావరకు పెద్దల నోళ్ళలోనే ఉన్నది. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ నాటిన పందుంపుల్ల చిగిర్చిందన్న కథ గాని, గూగూడు కుళ్ళాయప్ప కథలు గాని తరతరాలుగా వినికిడిగా వస్తున్నవే. గూగూడు పీర్ల పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన ఆంగ్ల గ్రంథం 2013లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా వెలువడింది. పల్లెలో నిలిచి, చెప్పేవారి మాటలు విని రాసిన పుస్తకమది. ఆ ఆచారాల ధార్మిక యోగ్యతపై ఉలమాల అభిప్రాయం వేరు. ఆ చర్చకు ఇది స్థలం కాదు. ఇక్కడ గ్రహించవలసినది పద్ధతిని. మౌఖిక కథనానికి పాదసూచిక అంటే చెప్పినవాని వివరం, ఊరు, వయస్సు, విన్న తేదీ, అతడు ఎవరి వద్ద విన్నాడన్న సంగతి. వ్యక్తి క్షేమం కోసం పేరు దాచవలసి వస్తే, దాచినట్టు చెప్పాలి. ఇది అక్షరాలా సనదే. ‘స్థానికులు చెబుతారు’ అని మాత్రం రాస్తే పరంపర ఆదిలోనే తెగిపోయింది. ‘పురాతన కాలం నుండి’ అని చేరిస్తే ఆ తెగినచోటికి ముసుగు వేసినట్టయింది.

మరొక చివర కూడా అంతే ప్రమాదం. ప్రతి పంక్తికీ అంకె వేసి, సగం పుట సూచికలతో నింపి, పాండిత్య ప్రదర్శన చేసేవారున్నారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడనడానికి ఆధారం అక్కరలేదు. వివాదం గల మాటకు, అంకెకు, ఇతరుల అభిప్రాయానికి, ఇతరుల వాక్యానికి ఆధారం తప్పనిసరి. ఈ నాలుగూ విడిచిపెట్టి మిగిలిన అన్నిటికీ సూచికలు వేసిన వ్యాసం, తాళం వేసిన తలుపు పక్కన గోడ లేని ఇల్లు వంటిది.

చివరికి మళ్ళీ వానకు రావాలి. ‘జైసల్మేరు తర్వాత మనమే’ అన్న మాట రైతుకు మేలు చేసేదే గదా, సానుభూతి తెచ్చేదే గదా, దాన్ని పరీక్షించడం ఎందుకని కొందరు అడగవచ్చు. మంచి ఉద్దేశంతో ఉల్లేఖనాలు కల్పించినవారు కూడా సరిగ్గా ఇదే సమాధానం చెప్పుకున్నారు. ఉలమాలు దాన్ని అంగీకరించలేదు. పైగా ఈ వాక్యం రైతుకు మేలు చేయదు. అనంతపురం బాధ మొత్తం వానలో మాత్రమే లేదు. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటేసరికి సన్నగిల్లుతుంది, ఈశాన్య రుతుపవనం తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది; కురిసిన వాన కూడా వేళకు కురవదు. లోతులేని ఎర్రనేలలో వేరుసెనగ ఊడలు దిగే వేళ వారాల తరబడి మబ్బు కనబడదు. సంవత్సరపు మొత్తం చూస్తే లోటు కనిపించని ఏట కూడా పంట ఎండిపోతుంది. ఈ సంగతి చెప్పాలంటే మండలాలవారీ, వారాలవారీ అంకెలు తీయాలి, అవి ఎక్కడివో పుట కింద రాయాలి. ఆధారం లేని ఒక్క ప్రసిద్ధ వాక్యం ఆ శ్రమనంతా అనవసరం చేసి పారేసింది. రైతు కష్టానికి కారణం తెలిసిపోయిందన్న భ్రమ మిగిల్చింది. పంట నష్టానికి పరిహారం అడగబోయిన రైతు ఎదుట, ఈ ఏడు వాన మామూలుగానే పడిందన్న ఒక్క అంకె నిలబడినప్పుడు, ఆ ప్రసిద్ధ వాక్యం అతని తరఫున సాక్ష్యం చెప్పలేదు.